తెల్వదని చెప్పిన లీడరు

ఆలూరు నుంచి రోజూ బస్సులో చేవెళ్ల వెళ్లి డిగ్రీ రెండో ఏడాది చదివే ఝాన్సీకి, చేతిలో మైకు ఉంటే ఎదురులేదు. బస్సుపాసుల కోసం రోడ్డెక్కినా, స్కాలర్‌షిప్పుల కోసం బైఠాయించినా ముందు వినబడేది ఆమె గొంతే. ఆ గొంతు ఒక్కసారి మాత్రం పడిపోయింది, అదీ మూడో తరగతి పిల్ల ముందు.

విద్యార్థి సంఘం తరఫున మొయినాబాద్ దగ్గర ఒక చిన్న సర్కారు బడిలో నోటుపుస్తకాలు పంచడానికి వెళ్లిన రోజు అది. ఝాన్సీ అలవాటుగా అందుకుంది.

"చదువంటే బట్టీ కాదు. ప్రశ్నలు అడగాలె! మంచి చదువు అందరు పిల్లలకు కావాలె!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. సాహిత్య అనే పిల్ల మాత్రం చెయ్యెత్తింది.

"అక్కా, క్యారెట్ గడ్డ కిందికే ఎందుకు పెరుగుతది? పక్కకెందుకు పోదు?"

ఝాన్సీ వాళ్ల చేనులో ఏటా క్యారెట్టే వేస్తారు. ఊహ తెలిసినప్పటి నుంచి పీకుతూనే ఉంది, ఏనాడూ ఆ అనుమానం రాలేదు. వెంట వచ్చిన కాలేజీ వాళ్లు కిసుక్కున నవ్వారు.

"నాకు తెల్వదు," అంది చివరికి. "శనివారం వస్త. కలిసి చూద్దాం."

అన్నట్టే గాజుగ్లాసు, తడిగుడ్డ, చిక్కుడు గింజలు పట్టుకుని వచ్చింది. గింజల్ని గాజుకూ గుడ్డకూ మధ్య ఇరికించారు. వారం తిరిగేసరికి తెల్లటి వేర్లు దిగాయి. అప్పుడా గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి చీకటి బీరువాలో పెట్టారు.

సాహిత్య తాత నర్సింహ ఊళ్లో మాట చెల్లే రైతు. ఆయనకిది నచ్చలేదు.

"ఏం బిడ్డా, గింజలు నానబెట్టుడు మా ఇంట్ల లేదా? బడికి పంపేది గిందుకా? వచ్చే ఏడు ప్రైవేటుల వేస్త."

"ఎయ్యి తాతా. సోమవారం దాంక జర ఆగు," అంది ఝాన్సీ.

సోమవారం బీరువా తెరిచేసరికి బడంతా గోల. వేర్లన్నీ వంపు తిరిగి మళ్లీ నేలవైపే దిగుతున్నాయి. సాహిత్య తాతను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"చూడు తాతా, చీకట్ల పెట్టినా కిందికే పోయినయ్! భూమి గుంజుడు వేరుకు తెలుస్తదంట."

నర్సింహ కళ్లద్దాలు పెట్టుకుని గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నలభై ఏండ్ల సంది గడ్డలు తవ్వుతున్న," అన్నాడు మెల్లగా. "మరి మొలక పైకెందుకు పోతది?"

పిల్లలు ఘొల్లున నవ్వారు. "వచ్చే శనివారం చూద్దాం తాతా!" అంది సాహిత్య. ప్రైవేటు బడి మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

అలా మొదలైంది శనివారం బడి. ఇప్పుడు సంఘంలోని పన్నెండు మంది చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్యనున్న ఊళ్లకు జంటలుగా వెళ్తున్నారు. కూరగాయల తక్కెడతో లెక్కలు, అడుగులతో కొలిచి గీసిన ఊరి పటాలు.

ఒక వారం మోకిల లేఅవుట్ నుంచి లక్ష్మీకుమారి అనే కోస్తా ఆవిడ కారులో కూతురు ఆద్యను తీసుకొచ్చింది.

"మాది పెద్ద స్కూలేనండి. కానీ మా పాప ఏమడిగినా సిలబస్‌లో లేదంటారు. ఇక్కడ కూర్చోనిస్తారా?"

"అందరు పిల్లలకనే గద మేడం మేం చెప్పేది. రానియ్యండి," అంది ఝాన్సీ.

మొన్న వాన పడ్డాక ఆద్య, సాహిత్య ఇద్దరూ, మూతి కోసి ఆరుబయట పెట్టిన సీసాలో నీళ్లు కొలిచి, ఎవరి లెక్క సరైనదో తేలక పోట్లాడుకున్నారు. తీర్పు చెప్పమని ఝాన్సీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

ఆమె ఇద్దరి చేతికీ చెరొక స్కేలు ఇచ్చి, "మళ్ల కొలువుండ్రి," అని నవ్వుతూ తనూ వాళ్ల పక్కన చతికిలబడింది.