నేను సాక్ష్యం చెప్పిన బండి

ఐదేళ్ళుగా ఒక కాగితం నా దగ్గర ఉంది. అరచేతిలో ఇమిడేంత కాగితం. వంటింటి ప్రెస్‌లో, ఇక్కడ ఐర్లండ్‌లో అల్మరాని ప్రెస్ అంటారు, బియ్యం డబ్బా వెనక మడతపెట్టి పెట్టాను. చింపెయ్యలేదు. ఎందుకు చింపలేదో నాకే తెలియదు. రోజూ బియ్యం తీసుకునేటప్పుడు చెయ్యి దానికి తగులుతుంది. తగలాలనే అక్కడ పెట్టానేమో.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడక్కండి. నా పేరు తెలిస్తే ఆమె పేరు తెలిసిపోతుంది. ఇక్కడ సుజాత అని రాస్తున్నాను, అది ఆమె అసలు పేరు కాదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు సరిగ్గా లేక, మా నాయనమ్మే పలక పట్టించి ఇంట్లో చదువు చెప్పింది. అక్షరాలతో పాటు ఆవిడ ఇంకో అలవాటు నేర్పింది. పొద్దున లేవగానే మూడు మేళ్ళకి స్తోత్రం చెప్పాలి. నిన్న చెప్పినవి ఇవాళ చెప్పకూడదు. వెతుక్కోవాలి. ఆ వెతుకులాటతోనే నేను పెరిగాను. ఈ డండాక్ ఊళ్ళో మాకు ఇల్లు దొరికిన రోజున, కిటికీలో ఎండ పడిందని ఒక స్తోత్రం, పక్కింటి ముసలామె కేకు తెచ్చిందని ఒకటి, మా ఆయనకి హోటల్ వంటింట్లో పని నిలకడగా ఉందని ఒకటి. అంత తేలిగ్గా దొరికేవి అప్పుడు.

ఇక బండి సంగతి.

మాది జర్మన్ బండి. కంపెనీ పేరు రాయను. తప్పు కంపెనీది కాదు. బండి ముసలిదయింది, అంతే. కానీ మా ఆయనకి ఆ కంపెనీ చరిత్ర వంశచరిత్రలాగా నోటికొచ్చు. ఇంటికొచ్చిన వాళ్ళకి టీ కంటే ముందు అదే ఇచ్చేవారు. యుద్ధంలో ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయట, గోడలు కూలాయట, ఆ దుమ్ములోంచే మళ్ళీ లేచి ప్రపంచమంతా తిరిగే కార్లు చేశారట. "జర్మనోడు మాట ఇవ్వడు, బండి ఇస్తాడు" అని ముగించేవారు. మా అమ్మాయి, ఇక్కడే పెరిగిన పిల్ల, "డాడీ, ఇట్స్ జస్ట్ ఎ కార్" అనేది. ఆయనకి జస్ట్ ఎ కార్ కాదు. ఊళ్ళో సైకిలు మీద పాలు పోసిన మనిషి ఆయన. ఆ ముందున్న మెరిసే గుర్తుని ఆదివారం ఆదివారం తడిగుడ్డతో తుడిచేవారు.

కరోనా వచ్చింది. హోటళ్ళు మూశారు. ఆయన పని పోయింది. బండి అమ్మక తప్పలేదు. ఆయన నోటితో అమ్ముదామని అనలేకపోయారు, నేనే అన్నాను.

అమ్మేముందు ఒకసారి చూపిస్తే మంచిదని, మా వీధి చివర గ్యారేజీకి నేనే తీసుకెళ్ళాను. ఆయనని రమ్మనలేదు. వస్తే అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని. ఆ మెకానిక్ పెద్దాయన, మాస్కు గడ్డం కిందికి లాగేసుకుని, నాకు అర్థమయ్యేలా నిదానంగా, చేతులతో చూపించి మరీ చెప్పాడు. ఇది ఆటోమేటిక్, గేర్‌బాక్స్ బాగా అరిగిపోయింది. ఊళ్ళో తిరిగినంతసేపు ఏమీ కాదు. దూరం పోయి వేడెక్కితే గేరు వదిలేస్తుంది, బండి ఆగిపోతుంది. అలా ఆగితే కంగారు పడొద్దు. ఇంజను ఆపి పదిహేను నిమిషాలు చల్లారనిస్తే మళ్ళీ కదులుతుంది. ఇదంతా నాలుగు ముక్కల్లో ఒక కాగితం మీద రాసిచ్చాడు. "షో దట్ టు హిమ్సెల్ఫ్" అన్నాడు. ఇక్కడ ఇంటాయన్ని హిమ్సెల్ఫ్ అంటారు, మా ఆయనకి చూపించమని.

చూపించలేదు.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. సరిగ్గా అర్థం కాలేదని చెప్పుకోవచ్చు. నాలో నేను అలా చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. కానీ ఆ మనిషి పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ప్రతి ముక్కా అర్థమయింది. మరి ఎందుకు చూపించలేదు? ఆయనకి చూపిస్తే కొనేవాళ్ళకి చెప్పేస్తారు. ఆయన అలాంటి మనిషి. అప్పుడు ఎవరూ కొనరు. ఆయన మంచితనం తెలిసి, దానికి అడ్డంగా నేను నిలబడ్డాను. భార్యగా ఆయన బరువు తగ్గిస్తున్నానని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అనుకోలేను.

ఆ రోజుల్లో మా ప్రార్థన కూటమి ఫోన్లలోనే జరిగేది. శనివారం సాయంత్రం అందరం చిన్న చిన్న గళ్ళలో కనిపించేవాళ్ళం. పాస్టరుగారు సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేళ్ళు, చెప్పమన్నారు. నేను మ్యూట్ తీశాను. "మా బండి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మమ్మల్ని దారిలో వదిలెయ్యలేదు. దేవుడు ఎంత కాపాడాడో. ఇప్పుడది ఇంకొక కుటుంబానికి మేలుగా ఉండాలని కోరుకుంటున్నాను" అన్నాను. గళ్ళన్నిట్లోంచీ ఆమెన్ అన్నారు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు, చూశారా? నిజంగానే ఎప్పుడూ వదిలెయ్యలేదు. ఆ ఏడాది మేం ఊరు దాటి ఎక్కడికీ పోలేదు కాబట్టి వదిలెయ్యలేదు. నిజాలు ఏరుకుని, వరసగా పేర్చి, వాటితో అబద్ధం కట్టాను. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది, నాయనమ్మ నాచేత పలక నిండా రాయించింది. నేను దాన్ని దేవుని ఎదుట, స్తోత్రం అనే మాటతో మీరాను.

మర్నాడే సుజాత ఫోన్ చేసింది. మా కూటమిలో పిల్లే. నర్సింగ్ హోములో ముసలివాళ్ళని చూసుకునే పని. ఆటోమేటిక్ బండి నడపడానికే లైసెన్సు ఉంది. బస్సులో పోతే ఆ ముసలివాళ్ళకి రోగం అంటిస్తానేమో అని దానికి భయం. భర్త ప్రభాకర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. వాకిట్లో దూరదూరంగా నిలబడ్డాం.

ప్రభాకర్ బండి చుట్టూ తిరిగి, డోరు వేసి, ఆ చప్పుడు విని నవ్వాడు. "జర్మనోడి డోరు అక్కా. మా పెళ్ళి కంటే గట్టిగా పడింది."

"నువ్వు నడిపేది లేదుగా, నీకెందుకు" అంది సుజాత.

"అది కాదే. ఎవరన్నా మెకానిక్‌కి ఓసారి చూపిద్దాం."

చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో సుజాత అతని మీదికి లేచింది. "సిగ్గులేదా? అక్క కూటంలో సాక్ష్యం చెప్పిన బండి. దేవుడి ముందు చెప్పిన మాట మీద మెకానిక్‌ని పెడతావా?"

అతను చేతులు ఎత్తేశాడు. "తప్పయింది అక్కా. క్షమించు."

నన్ను క్షమించమని అడిగాడు ఆ మనిషి. "ఫర్వాలేదయ్యా" అన్నాను నేను.

తెరిచిన నోరు అలా మూశాను. ఎలా సర్దిచెప్పుకున్నానో కూడా రాస్తాను, దాచడానికి ఇంకేం మిగిలింది. సుజాత పని రెండు మైళ్ళ దూరం. పైగా లాక్‌డౌన్. ఐదు కిలోమీటర్లు దాటితే గార్డలు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి వెనక్కి పంపుతున్నారు. ఇక దూరం ఎక్కడ పోతుంది, బండి ఎక్కడ వేడెక్కుతుంది? దేశమంతా ఊపిరాడక ఇళ్ళల్లో కూర్చుంటే, ఆ గీత నా తప్పుని కాపలా కాస్తుందని అనుకున్నాను. పాస్టరుగారు ఫోనులోంచి ప్రార్థన చేశారు. బండి మీద చెయ్యి ఉంచమన్నారు. మా ఆయన కూడా బయటికి వచ్చారు, నలుగురం ఉంచాం. నా చెయ్యి కూడా ఉంది.

ఆ జనవరిలో ప్రభాకర్‌కి సోకింది. ఇక్కడ పడకలు లేక డబ్లిన్‌లో పెద్దాసుపత్రికి మార్చారు. ఎవరినీ రానివ్వలేదు. సుజాత రోజూ నర్సులకి ఫోన్ చేసి అడిగేది, నేను రోజూ పప్పూ అన్నం వండి దాని గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని. తొమ్మిదో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్. ఒక్కరు రావచ్చు, కాసేపు కూర్చోవచ్చు, ఆలస్యం చెయ్యొద్దు అన్నారు. దానర్థం సుజాతకి తెలుసు, ఆ పనిలో ఉన్న పిల్ల కదా. ఎవరి బండిలో ఎవరూ ఎక్కే రోజులు కావు. కొడుకుని పక్కింట్లో వదిలి ఒక్కతే బయల్దేరింది. నాకు వెళ్ళేముందు చెప్పలేదు. చెప్పి ఉంటే? చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

పది దాటాక నా ఫోను మోగింది. వెనక లారీల హోరు.

"అక్కా, డబ్లిన్ దారిలో ఉన్నాను. బండి ఆగిపోయింది అక్కా. గేరు పడటం లేదు. నేను తొక్కుతూనే ఉన్నాను, కదలట్లేదు. అన్నయ్యకి ఇవ్వవా?"

ఆయన ఇంట్లో లేరు. పేదలకి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు దగ్గర సంచులు సర్దడానికి వెళ్ళారు.

"అన్నయ్య లేరమ్మా."

"నీకేమన్నా తెలుసా అక్కా? ఎప్పుడన్నా ఇట్టా అయిందా? ఏం చెయ్యాలి?"

నేను వంటింట్లోనే ఉన్నాను. ప్రెస్ తలుపు నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ కాగితం తియ్యనక్కర్లేదు, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, ఎలా తెలుసు అక్కా అంటుంది. ఎప్పటి నుంచి తెలుసు అంటుంది.

"తెలియదు తల్లీ" అన్నాను. "ప్రార్థన చేసుకో. నేనూ చేస్తాను."

"చెయ్యి అక్కా, చెయ్యి" అని పెట్టేసింది.

మోకాళ్ళ మీద పడ్డాను. నిజంగానే ప్రార్థించాను. దాని బండి కదిలించమని ఏడ్చి అడిగాను. దేవుడు ఆ జవాబుని అప్పటికే నా నోట్లో పెట్టి ఉంచాడు. నేను నోరు మూసుకుని ఆయన్ని అడిగాను.

అది ఇంజను ఆపకుండా తొక్కుతూనే ఉందట. చాలాసేపటికి ఒక గార్డ ఆగి, సంగతి విని, తన బండిలో ఎక్కించుకుని లైట్లు వేసుకుని తీసుకెళ్ళాడట. గౌనూ మాస్కూ తొడుక్కుని మంచం దగ్గరికి వెళ్ళేసరికి, అతను పోయి ఇరవై నిమిషాలయింది. నర్సు అతని చెయ్యి పట్టుకునే ఉందని చెప్పారట.

పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి ఉంటే అందుకునేదా? అతనికి తెలివి ఉండేదా? ఈ లెక్క నేను చెయ్యని రోజు లేదు. ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు. తేలదు. తేలకపోవడమే నా పాలికి వచ్చింది.

మర్నాడు మెలకువ రాగానే, అలవాటైన నోరు కదా, మూడు స్తోత్రాలకి వెతుక్కుంది. మొదటిది దానంతటదే వచ్చేసింది. సుజాత నన్ను అనుమానించలేదు, స్తోత్రం. ఆ మాట నా చెవిన పడ్డాక పక్క మీద నుంచి లేవలేకపోయాను.

తర్వాతెప్పుడో మా ఆయన టీవీలో ఆ కంపెనీ చరిత్రే చూస్తుంటే నేనూ కూర్చున్నాను. యుద్ధకాలంలో పరాయిదేశాల వాళ్ళని, ఆడపిల్లల్ని కూడా, పట్టుకొచ్చి బలవంతాన పనిచేయించారని చూపించారు. ఆయన టీ కథలో ఈ ముక్క ఎప్పుడూ లేదు. కంపెనీ చాలా ఏళ్ళు దాని గురించి మాట్లాడలేదట. ఒప్పుకునే నాటికి చాలామంది పోయారట. ఆయన మొహం చిన్నబోయింది. "ముందే చెప్పి ఉండాల్సింది వీళ్ళు" అన్నారు. మంచినీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ పోలిక చాలా పెద్దదని తెలుసు. అయినా ఆయన ఆ మాట నాతోనే అన్నట్టుంది.

సుజాత ఆ బండిని తుక్కుకి ఇచ్చేసింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పైగా, "బండి ఏం చేస్తుంది అక్కా, అది దేవుడి సమయం. ఆయన ప్రాణం పోవడం నన్ను చూడనివ్వకూడదనే ఆపాడేమో" అని నాకే ధైర్యం చెప్పింది. ఆ నమ్మకం మీద నిలబడి పిల్లాణ్ణి పెంచుకుంటోంది. నిజం చెబితే ఆ నమ్మకం కూలిపోతుందని ఊరుకున్నాను. ఇది దాని మీద జాలా, నా మీద నాకు జాలా? ఐదేళ్ళుగా అడుగుతున్నాను. జవాబు వచ్చినప్పుడల్లా అంట్లు తోముకోవడానికి లేచిపోతాను.

రేపు ప్రభాకర్ జ్ఞాపకార్థ కూటమి. సుజాత నిన్న వచ్చింది. "ఆ రోజుల్లో నా గుమ్మంలో అన్నం పెట్టింది నువ్వే అక్కా. రేపు నువ్వే సాక్ష్యం చెప్పాలి" అని నా చెయ్యి పట్టుకుంది. సరేనన్నాను. ఏం చెప్తానో తెలియదు. దాని మొహం చూస్తే నోరు పెగులుతుందని మాట ఇవ్వలేను. మీకు అబద్ధం చెప్పను, ఇక్కడన్నా చెప్పను.

కాగితం ఇవాళ బయటికి తీశాను. మడతల దగ్గర సిరా చెరిగింది. అయినా చదవొచ్చు. ఎవరి ముందూ పైకి అనలేని దాన్ని ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఛాతీ కొంచెం తేలికపడుతోంది. ఆ తేలికకి స్తోత్రం చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను.

ఆ పొద్దున నేను అనాల్సింది ఇంతే.

ఇంజను ఆపు తల్లీ. పదిహేను నిమిషాలు చల్లారనివ్వు. మళ్ళీ కదులుతుంది.