నాలుగు నిమిషాల విరామం

కొండమీద సామికి కావళ్ళెత్తే ఆడి కృత్తిక పండగ ఇంకా ఐదు రోజులుంది. పొద్దున్నే తిరువళ్ళూరు స్టేషన్‌లో ఆఫీసు రైలు కోసం నిలబడి ఉంటే అత్త ఫోన్ చేసింది.

"పాపా, మీ మామ పళ్ళిపట్టు రోడ్డులో పడిపోయినాడంట. ఆస్పత్రికి ఎత్తుకపోయినారు. లేడంటాండారు."

నా రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేనడిగిన మొదటి మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "సైకిల్ యాడుండింది అత్తా?" అన్నాను. రోడ్డుకు అడ్డంగా పడుందని చెప్పింది. అంటే మామ ఆగలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తిరుత్తణిలో ఒక బడిలో ఆటలు నేర్పే వాద్యార్. సైకిల్ పందేల పిచ్చి. నాతో కలిపి ఆరుగురికి తొక్కడం నేర్పాడు, ఒక్కరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, కానీ తిట్లకు మాత్రం లోటు చేయలేదు. ఆయన ధ్యాసంతా ఒక్క అంకె మీదే ఉండేది. గంటసేపు సడలకుండా తొక్కగలిగే బలం. పుస్తకాల్లో దాన్ని త్రెషోల్డ్ పవర్ అంటారు, పెడల్‌లో ఉండే మీటరు వాట్లలో చూపిస్తుంది. మామకు అది 'గంట బలం'.

దాన్ని పెంచడానికి ఆయన పద్ధతి ఆయనకుంది. వారానికి రెండే గట్టి రోజులు. ఎనిమిది నిమిషాలు గంట బలానికి దగ్గరగా తొక్కాలి, తర్వాత నాలుగు నిమిషాలు ఊరికే కాళ్ళు తిప్పాలి. మొదట మూడుసార్లు, ఒళ్ళు ఒప్పుకుంటే నాలుగు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. ఆ తర్వాతే ఇరవై నిమిషాల పరీక్ష. పరీక్షలో వచ్చిన అంకెలో ఇరవయ్యో వంతు కొట్టేసి మిగిలింది రాసుకోమనేవాడు. "ఆ ముక్క నీ పొగరుది. అది లెక్కలోకి రాదు" అని నవ్వేవాడు.

పళ్ళిపట్టు రోడ్డులో ఒక మైలురాయి పక్కన ఇడ్లీల క్యారియర్‌తో నిలబడేవాడు. ఆయన కన్ను ఎనిమిది నిమిషాల మీద కాదు, నాలుగు నిమిషాల మీద.

"గట్టిగా ఎవుడైనా తొక్కుతాడు. గ్యాప్‌లో గుండె ఎంత దిగతాందో అది సూడు. దిగలేదా, సైకిల్ రాయికానించి కూసో. ఆపైన ఇంటికి పో. సిగ్గుపడాకు."

ఒకసారి గ్యాప్‌లో నా గుండె దిగకపోతే, దాని వేగం చూపించే చేతి గడియారాన్ని చొక్కా చేతికింద దాచాను. మామ నా మణికట్టు పట్టుకుని రెండు వేళ్ళు పెట్టి, కొండ వైపు చూస్తూ లెక్కపెట్టాడు. నా సైకిల్‌ను తీసుకెళ్ళి రాయికి ఆనించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు మా అమ్మతో కబుర్లు పెట్టుకున్నాడు.

ఆడి నెలలో ఏటా కావడి ఎత్తేవాడు. విరతం పట్టి ఒంటిపూట తినేవాడు. విరతంలో ఉన్నవాళ్ళు గట్టి రోజులు తొక్కకూడదని మాకు కట్టడి పెట్టిందీ ఆయనే. కానీ ఈ ఏడు ఎండాకాలం పరీక్షలో ఆయన గంట బలం బాగా పడిపోయింది. మీటరు చెడిపోయిందన్నాడు. మళ్ళీ పరీక్ష పెట్టుకున్నాడు. ఇంకా తగ్గింది. అది పట్టుకుని, విరతంలోనే, ఉత్త కడుపుతో, మంగళ శుక్రవారాలు గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు.

"చెప్పేవి శ్రీరంగ నీతులు" అని అత్త సగం సామెతతో ఆపేది. "ఆ గడియారం అరస్తానే ఉంటాది పాపా. ఈ మనిసి ఇనడు. నువ్వన్నా చెప్పు."

నువ్వన్నా చెప్పు అని అడిగింది. నేను చెప్పలేదు.

పోయే ముందు శుక్రవారం మామ ఆ రోజు తొక్కిన గ్రాఫు నాకు పంపాడు. రైల్లో కూర్చుని చూశాను. మొదటి గ్యాప్‌లో గుండె గీత బాగానే దిగింది. రెండో దాంట్లో కొంచెం. మూడో దాంట్లో దిగలేదు, గోడమీద బల్లిలా అక్కడే కరుచుకుని ఉంది. అయినా ఆయన నాలుగోది కూడా తొక్కాడు. "గ్యాప్‌లో దిగలేదే మామా" అని టైపు చేశాను. తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుందని చెరిపేసి, బొటనవేలు బొమ్మ పంపాను.

"విరతం కదా పాపా, అంతే. పరవాయిల్లే" అని జవాబిచ్చాడు. అదే ఆయన నాతో అన్న చివరి మాట. మంగళవారం పోయాడు. ఆ బొటనవేలు ఇంకా ఫోన్‌లో ఉంది. తీసేయడానికి చెయ్యి రాదు, చూడడానికి ధైర్యం చాలదు.

ఇంట్లో మైల కాబట్టి కావడి ఎత్తలేదు. నెమలి ఈకలు కట్టిన కావడి వసారాలో తెల్లగుడ్డ కప్పుకుని ఉంది. దాని పక్కనే ఆయన సైకిల్. నన్ను చూసి అత్త, "నీకన్నీ మేనమామ పోలికలే. నడక, కోపం, అంతా ఆయనే" అంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం వినబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారం, ఆయన పోయాక మొదటిసారి, ఆ రోడ్డులో తొక్కాను. కడుపునిండా ఇడ్లీలు తిని, ఆయన చెప్పినట్టే ఎనిమిది, నాలుగు. మొదటి గ్యాప్‌లో గుండె దిగింది. రెండో దాంట్లో కొంచెం. మూడో గ్యాప్‌లో మైలురాయి దగ్గరికి వచ్చేసరికి గడియారంలో అంకె నూట డెబ్బై దగ్గర ఉంది. రెండు నిమిషాలైనా అక్కడే ఉంది.

దిగి సైకిల్‌ను రాయికి ఆనించాను. పక్కన కూర్చుని మెడ మీద రెండు వేళ్ళు పెట్టి, కొండ వైపు చూస్తూ లెక్కపెట్టాను. గడియారం తప్పు చెప్పడం లేదు. నాలుగు నిమిషాలు అయిపోయి, తర్వాతి ఎనిమిది మొదలుపెట్టమని అది అరిచింది. నేను లేవలేదు. అది అరుస్తూనే ఉంది.