మరిగే నీళ్లలో నాడె

నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాను. దానికి నా చదువేమీ కారణం కాదు. సర్కారు దవాఖానాలో కాంపౌండరుగా మందులు కలిపినవాణ్ణి నేను. చచ్చినవాళ్లు తిరిగొచ్చేటట్టయితే ముందు నన్నే వెతుక్కుంటూ రావాలి. ఎవరూ రాలేదు. అంతకు మించిన రుజువు నాకు అక్కరలేకపోయింది.

మాది వేంపల్లె దగ్గర ఒక నేతపల్లె. మా నాయన, మా అన్న ఓబులేసు మగ్గం మీదే బతికారు. నన్ను కూడా కూర్చోబెట్టి చూశారు. నా చేతిలో నూలు తెగేదే గానీ పని తెగేది కాదు. అందుకే బడికి పంపారు. మగ్గానికి పనికిరానివాడు మందులకు పనికొస్తాడని మా నాయన ఎట్లా అనుకున్నాడో తెలియదు.

పెద్ద యుద్ధం ముగిసే ఏడాది మా సీమకు కొత్త జ్వరం వచ్చింది. టికెట్టు కొనకుండా రైలెక్కి వచ్చిందనేవారు. జనం దాన్ని బొంబాయి జ్వరమన్నారు, మా డాక్టరుగారు ఇన్‌ఫ్లుయెంజా అన్నారు. చలిజ్వరమైతే వంతులవారీగా వచ్చిపోతుంది. దీనికి వంతుల్లేవు. పొద్దున నవ్వుతూ తిరిగిన మనిషి మధ్యాహ్నానికి పడిపోయేవాడు. ఉన్నట్టుండి జ్వరం, తలపోటు, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు, పొడిదగ్గు. పెదవులు నీలం తిరిగాయంటే రోగం ఊపిరితిత్తుల్లోకి దిగినట్టే. ఇంతకు మించి రోగాన్ని గుర్తుపట్టే సాధనం మా దగ్గర లేదు.

మందూ లేదు. నేను సీసాల్లో పోసిచ్చేది నొప్పి తగ్గడానికే. డాక్టరుగారు ఆ మాట దాచేవారు కాదు. రోగిని వేరే గదిలో పడుకోబెట్టండి, కిటికీ తెరవండి, నీళ్లూ గంజీ పట్టండి, తడిగుడ్డతో తుడవండి, జ్వరం దిగింది కదా అని వెంటనే పనిలోకి పంపకండి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టించండి, వాళ్లు నోరు పెట్టిన గ్లాసులు మరిగే నీళ్లలో వేయండి. ఇవే ఆయన మందులు.

మా నాయన పడ్డాడని కబురొస్తే సెలవు పెట్టి ఊరికి పోయాను. వంటింట్లో పొయ్యి మీద ఇత్తడి గుండిగ పెట్టి, ఆయన తాగిన చెంబూ గ్లాసూ మరిగించడం మొదలుపెట్టాను. ఆయాసపడుతూనే నాయన ఎగతాళి చేశాడు.

“ఏమప్పా కాంపౌండరూ, చెంబుకు గూడా జొరమొచ్చిందా? ఉడకేస్తాండావు!”

అని చూపుడువేలితో గుండిగను చూపించాడు. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి ఆ వేలు సగమే మిగిలింది. ఆయన ఏది చూపించినా మిగతా సగం దూరం మేమే ఊహించుకునేవాళ్లం.

ఆ ఎగతాళే నాతో ఆయన ఆడిన ఆఖరి మాట. పెదవులు నీలిమందులో ముంచిన నూలు రంగుకు తిరిగాయి. ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు.

మగ్గం మీద ఆయన సగం నేసిన కోక ఉండిపోయింది. మా ఇళ్లలో ఒక ఆచారముంది. పోయినవాడు వదిలిన బట్టను నూలును అటూ ఇటూ మోసే అతని కొయ్య నాడెతోనే కొడుకు నేసి, పెద్దదినానికి కోసి పిండం ముందర పెట్టాలి. కోడలు నూలును కండెలుగా చుట్టి ఇవ్వాలి. అది జరగకపోతే పోయినవాడి చేయి మగ్గం వదలదంటారు. అన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. అప్పటికే వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పట్టపగలు నేతవీధిలో టకటకలు లేవు. మా ఇంట్లో ఒక్క నాడె మాత్రం అటూ ఇటూ పోతోంది.

ఇంతలో వదిన లక్షుమ్మ పడిపోయింది. వాళ్ల చంటిబిడ్డను పక్కవీధిలోని మా మేనత్త ఇంటికి పంపేశాము. ఇక నా భయమంతా అన్న గురించే. అతనూ పడితే ఆ బిడ్డకు దిక్కుండదు. వదినకు గది వేరు చేశాను. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. వీధి తలుపు గడియ పెట్టాను, లోపల మిగిలింది మేం ముగ్గురమే. డాక్టరుగారు చూస్తే మెచ్చుకునేవారని లోలోపల గర్వపడ్డాను కూడా.

వదిన మాత్రం కండెల పని వదలలేదు. పడుకునే చేసేది.

“మామ పనికి అడ్డం రాగాకు. మగ్గమెక్కలేకున్నా కండె గూడా పెట్టలేనా?” అనేది.

కండె అంటే బట్టలో అడ్డంగా నడిచే పేకనూలు చుట్టిన చిన్న గొట్టం. దాన్ని నాడెలో అమర్చి, పక్కనున్న సన్నని బెజ్జానికి పెదవులు ఆనించి పీలిస్తే నూలు కొస బయటికొస్తుంది. ప్రతి నేతగాడూ అట్లాగే చేస్తాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని కాబట్టి నా కంటికి ఆనలేదు.

ఒక పొద్దున అన్న నాడెను మగ్గం మీద పెట్టి పెరట్లోకి పోయి వచ్చేసరికి అది లేదు. ఇల్లంతా వెతికాం. నేను గ్లాసులు తీద్దామని గుండిగలో గరిటె పెడితే, వాటి మధ్య నాడె తేలింది.

“ఇదేం పనిరా? నాయన నాడెతో చారు కాస్తాండావా?” అని అన్న మండిపడ్డాడు.

గ్లాసులతో పాటు పరధ్యానంగా నేనే వేసి ఉంటాననుకున్నాను. నా పరధ్యానం ఊరందరికీ తెలిసిందే. నవ్వేసి తుడిచిచ్చాను.

ఆ మధ్యాహ్నం వదిన కొత్త కండె పెట్టి, నాడెను గది కిటికీ గూట్లో ఉంచి నిద్రపోయింది. మగ్గం మీది నిలువు నూలును, అంటే పడుగును, తాడుతో బిగించడానికి అన్న నన్ను పిలిచాడు. ఇద్దరం తాడు పట్టుకుని లాగుతున్నాం. నేను అన్నకు కనపడుతున్నాను, అన్న నాకు కనపడుతున్నాడు. తెరిచిన తలుపులోంచి చాప మీద వదిన మాకిద్దరికీ కనపడుతోంది.

వంటింట్లో చప్పుడైంది. ఇత్తడికి కొయ్య తగిలిన చప్పుడు.

తాడు వదిలేసి పోయాం. మరుగుతున్న నీళ్లలో నాడె గుండ్రంగా తిరుగుతోంది. పొయ్యి పక్కన ఎర్రమట్టితో అలికిన నేల మీద ఒక తడిచెయ్యి అచ్చు. ఆ అచ్చులో చూపుడువేలు సగమే ఉంది.

పొయ్యి సెగకు ఆ తడి మా కళ్లముందే ఆరిపోయింది. ఆఖరున ఆరింది ఆ సగం వేలే.

గరిటెతో నాడెను పైకి తీశాను. బెజ్జంలోంచి నూలు కొస ఇంకా వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే అప్పుడు తట్టింది. చెంబు వేరు చేశాను, చాప వేరు చేశాను. కానీ జ్వరంతో ఉన్న వదిన పెదవుల నుంచి ఈ నాడె నేరుగా అన్న చేతికి వస్తోంది. కోక నేసేటప్పుడు నూలు తెగితే, అన్న పెదవులు ఆనేదీ ఈ బెజ్జానికే.

అన్నకు ఆ మాట చెప్పాను. నోటితో పీల్చడం ఆచారంలో భాగమని వాదిస్తాడనుకున్నాను. అతను నేల మీద ఆ అచ్చు ఉన్న చోటునే చూస్తున్నాడు.

“నువ్వు చెప్పేదేముండాది? నాయనే చెప్పినాడు గదా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచీ కండెలు అన్నే చుట్టుకున్నాడు. చీపురుపుల్ల కొసను కొక్కెంలా వంచి నూలు బయటికి లాగాడు. వదిన పెదవులు నీలం తిరగలేదు. జ్వరం దిగాక కూడా ఆమెను లేవనివ్వలేదు. నన్ను నానా తిట్లూ తిట్టింది, ఆ తిట్లలో బలం పెరిగేకొద్దీ నాకు ధైర్యం పెరిగింది. అన్నకు జ్వరమే రాలేదు. కోక పెద్దదినానికి అందింది. అటు తర్వాత నాడె ఎక్కడ పెడితే అక్కడే ఉంది.

దవాఖానాకు తిరిగొచ్చాక డాక్టరుగారికి చెప్పాను. నిద్రలేక నువ్వే వేసి ఉంటావు అన్నారు. మొదటిసారికి ఒప్పుకుంటాను. రెండోసారి నా చేతులు రెండూ తాడు మీదున్నాయి. పైగా నా వేళ్లన్నీ పూర్తిగానే ఉన్నాయి, వాటిలో పనికొచ్చేవి ఎన్ని అనేది వేరే సంగతి. ఆ నాడె గుండిగలో పడకపోయినా అన్నకు జ్వరం రాకపోయేదేమో. అది నేను కాదనను. ఆ చెయ్యి మాత్రం ఇద్దరం చూశాం.

రోగం పేరు చెప్పాలంటే లక్షణాలు కావాలి. ఆ రోజు లక్షణాలన్నీ చూశాను. ఇన్నేళ్లయినా పేరు చెప్పలేకపోతున్నాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే గ్లాసులు నేనే మరిగిస్తాను.

గుండిగ మీద మూత మాత్రం పెట్టను.