పక్కవాళ్ల గుంటల లెక్క

2017 ఫిబ్రవరి 6, సోమవారం. నలభై ఒక్క గుంటల్లో ముప్పై ఆరు చచ్చిపోయాయి.

దీవి పాలన చూసే ఆరుగురు సభ్యుల కౌపులే ఆ ఉదయం తన కార్యాలయం గోడకు అంటించిన కాగితంలో మొదటి వరుస ఇదే. కింద మరికొన్ని వరుసలున్నాయి. గురువారం ఫలేకౌపులేలో, అంటే దీవి జనమంతా కూర్చునే సభలో, ఈ సంగతి చర్చకు వస్తుంది. సభ ఒప్పుకుంటే చచ్చిన గుంటలున్న తావునంతా ఇసుకతో పూడ్చి, చదును చేసి, వాననీటి తొట్లు కట్టిస్తారు. సమ్మతి పత్రం శుక్రవారం ఓడలో రాజధాని ఫునాఫుటీకి, ప్రభుత్వానికి, వెళ్లాలి.

పెలెనికే ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆ ముప్పై ఆరింటిలో ఆమె గుంట కూడా ఉంది. అది చచ్చిపోయిందని చెప్పింది ఆమే. ఆమె అక్కడ నిలబడి చదువుతున్న సమయానికి ఆ గుంటలో, కొబ్బరిమట్టల దడి వెనుక, ఆమెకన్నా ఎత్తైన, చేమదుంప జాతి పులాకా మొక్కలు ఎనిమిది నిగనిగలాడుతున్నాయి.

ఆమె చెప్పింది అబద్ధమే. అయితే ఆ దీవిలో దాన్ని అబద్ధమని ఎవరూ అనరు. మీ పులాకా ఎలా ఉందని అడిగితే కుళ్లిపోయిందనడం మర్యాద. నేల కింద దుంప మనిషి నడుమంత లావెక్కినా సరే, పైకి చెప్పే మాట మాత్రం అదే. ఉత్తరవాడకూ దక్షిణవాడకూ ఆటలో, పాటలో, చేపల వేటలో పోటీ ఉంది. అన్నిటికన్నా పెద్ద పోటీ విందునాడు ఎవరి పులాకా పెద్దదనే దగ్గర. ఏ ఆకులు వేయాలి, ఎన్నిసార్లు వేయాలి, ఏ పోటుకు నాటాలి అన్నది ఏ ఇంటికి ఆ ఇంటి రహస్యం. పిలవకుండా ఇంకొకరి గుంటలోకి ఎవరూ దిగరు. గట్టు మీద నిలబడి ఎక్కువసేపు చూసినా మర్యాద తప్పినట్టే.

పెలెనికేకు ఆ రహస్యం తండ్రి ఇయాకోపో నుంచి వచ్చింది. మామూలుగా అయితే అది కొడుకులకు చెందాలి. ముగ్గురు అన్నలు ఒకరి తరువాత ఒకరు సరుకు ఓడల్లో పనికి వెళ్లిపోయారు. ఆమెకు పద్నాలుగేళ్లు వచ్చిన ఏడే దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త జెండా ఎగరేయడం చూడటానికి దీవి జనమంతా బడి ముందు చేరిన ఉదయం, దారులన్నీ ఖాళీగా ఉండగా, ఇయాకోపో కూతుర్ని వెంటబెట్టుకుని గుంట దగ్గరకు పోయాడు.

"లంగా పైకి చెక్కి దిగు," అన్నాడు. "మీ అన్నలకు చెప్పాల్సింది నీకు చెప్తున్నా. రేపు పెళ్లయ్యాక మొగుడికి కూడా చెప్పకు."

ఆమె జెండా చూడలేదు. మోకాలి లోతు నల్లటి బురదలో నిలబడి దూరంగా పాట విన్నది. నీళ్ల గురించి తండ్రి చెప్పిన మొదటి పాఠం అక్కడే నేర్చుకుంది. ఆ దీవిలో వాగు లేదు, చెరువు లేదు. లోపలి మడుగు ఒడ్డు నుంచి బయటి సముద్రం ఒడ్డుకు నడిస్తే పది నిమిషాలు. కురిసిన వాన ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. పూర్వీకులు గవ్వలతో, కర్రలతో పగడపు రాయిని తవ్వి ఆ పొర దాకా దిగారు. మట్టి లేదు కనుక ఆకులు వేసి, కుళ్లబెట్టి, మట్టిని తయారు చేసుకున్నారు. గుంట అడుగున ఉన్న బురద ఎన్ని తరాల ఆకులో ఎవరూ చెప్పలేరు.

పెళ్లి అయింది. ఫునాఫుటీ ఆసుపత్రిలో బట్టలు ఉతికే పనిలో రెండేళ్లు ఉండి, బియ్యమూ డబ్బా చేపలూ తిని, తిరిగి వచ్చింది. పిల్లల్ని పెంచింది. మధ్యలో గుంటలో దిగని ఉదయాలు తక్కువ.

రెండేళ్ల కిందటి తుఫానులో సముద్రం దీవిని అడ్డంగా దాటింది. తొమ్మిది రోజులు గుంటల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. ఆమె మొక్కలు ఇరవై ఆరూ పసుపుబారి పడిపోయాయి. తీపినీరు పైకి తేలుతుందన్న తండ్రి మాట పట్టుకుని, మిగిలిన పిలకల్ని కోసి, మొగలాకుతో అడుగులేని బుట్టలు అల్లి, పిలకల్ని రెండు జానల ఎత్తున నిలబెట్టి, బుట్టల నిండా ఆకులు కూరింది. వేర్లు పై పొర దాటి కిందికి పోకుండా ప్రతి ఉదయం చేతితో తడిమి చూసుకుంది. రెండేళ్లకు ఎనిమిది నిలబడ్డాయి.

జనవరిలో కౌపులే కార్యదర్శి మలోసి కాగితాలు పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. పరదేశంలో, సువాలో చదువుకున్నవాడు. దక్షిణవాడ పెద్ద అలెఫాయోకు మేనల్లుడు. పెలెనికే వాళ్లది ఉత్తరవాడ.

"పెద్దమ్మా, గుంట సంగతేంటి?"

"ఏముంది నాయనా. ఉప్పు తినేసింది."

"ఒక్కటీ మిగల్లేదా?"

"చూస్తే ఏడుపొస్తుంది. రాసుకో."

రాసుకున్నాడు. దిగి చూడలేదు, చూడకూడదు. నలభై ఒక్క గట్ల మీదా అలాగే నిలబడి, అలాగే రాసుకున్నాడు.

సోమవారం ఆమె ఇంటికి వచ్చేసరికి భర్త సిలింగా కొబ్బరిచెట్టు దిగి, గీసిన కల్లు వడగడుతున్నాడు.

"ముప్పై ఆరట," అంది.

"తక్కువే. నేనైతే నలభై ఒకటీ పోయాయనుకున్నా. ఈ దీవిలో పులాకా బాగుందని నోరిప్పినవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు."

"నవ్వులాట కాదు. పూడ్చేస్తారు."

"అయితే బతికుందని చెప్పు."

"ఎట్లా బతికిందని అడుగుతారు."

"అదీ చెప్పు."

"నీకే చెప్పలేదు, ముప్పై ఏళ్లయింది."

"నేనూ అడగలేదు. పెట్టినప్పుడు తింటున్నా, చాలదూ?" అని సీసాకు మూత బిగించాడు. "కానీ మీ నాన్న సమాధి మాత్రం వాకిట్లోనే ఉంది. చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పు."

తొట్లు అక్కర్లేదని ఆమె అనుకోలేదు. పోయిన ఎండాకాలం ఇంటికి రోజుకు ఒక బక్కెట్టు నీళ్లు కొలిచి ఇచ్చారు. కానీ తొట్టి పగిలితే ఇంకోటి కట్టుకోవచ్చు. గుంటలో ఒకసారి ఇసుక పోస్తే, మళ్లీ అంత మట్టి చేసేందుకు ఆమె మనవలకు కూడా ఆయువు చాలదు.

మంగళవారం మలోసి దగ్గరకు వెళ్లి తన వరుస మార్చమని అడిగింది. అతను విసుక్కోలేదు. కాగితం తిప్పి ఆమెకే చూపించాడు.

"మీరు చెప్పిందే రాశాను పెద్దమ్మా. ఇప్పుడు కాదంటున్నారు. మీ ఏ మాట నమ్మాలి? మీ ఒక్కరిదీ మార్చినా ముప్పై ఐదు ఉంటాయి. తీర్మానం ఆగదు."

అది న్యాయమే అనిపించింది. తన ఒక్క గుంట బతికుందని చెబితే, నాలుగు వైపులా పూడిక మధ్యలో అది ఎన్నాళ్లు బతుకుతుంది?

గురువారం సభ నిండింది. పెద్దలు స్తంభాలకు వీపు ఆనించి చాపల మీద కూర్చున్నారు. వాళ్ల వెనుక మిగతావాళ్లు, ఇంకా వెనుక ఆడవాళ్లు. పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా అక్కడ మాట్లాడవచ్చని చట్టం ఉంది. ఆడవాళ్లు మాట్లాడిన సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మలోసి కాగితం చదివాడు. సభ నడిపే దీవి పెద్ద, ఎవరైనా చెప్పేదుందా అని అడిగాడు.

పెలెనికే లేచి నిలబడింది.

"నా గుంట చచ్చిపోలేదు. మలోసికి అబద్ధం చెప్పాను. ఎనిమిది మొక్కలు బతికున్నాయి."

మూడో స్తంభానికి ఆనుకున్న డెబ్భై ఏళ్ల అలెఫాయో వీపును స్తంభానికి రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు.

"తొమ్మిది."

"ఏంటి పెద్దాయనా?"

"తొమ్మిది మొక్కలు. తూర్పు మూల పిలక ఒకటి లేచింది. పోయిన వారం. నువ్వు చూసుకోలేదేమో."

దక్షిణవాడ వైపు ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. పెలెనికే చెవులు వేడెక్కాయి.

"నా గుంటలోకి మీరెప్పుడు తొంగిచూశారు?"

"నేనెందుకు చూస్తా? మా ఆవిడ కట్టెలకు అటు వస్తుంది. దానికి మెడ కొంచెం పొడుగు."

ఇంకొకరి గుంట గురించి సభలో నోరెత్తడం ఆమె ఎరిగినంతలో అదే మొదటిసారి. ఆ కట్టు తెంచింది ఆయనే. ఇక ఆమెకూ అడ్డు లేదు.

"మీ ఆవిడ మెడ పొడుగైతే, మా ఆయన ఎక్కే కొబ్బరిచెట్టు ఇంకా పొడుగు. మీది కూడా చచ్చిందని రాయించారు కదా. ఏడు మొక్కలున్నాయి. అందులో మూడింటి మీద పాత తెరచాప కప్పారు."

ఈసారి నవ్వింది ఉత్తరవాడ. సిలింగా తల వంచుకుని, వెంట తెచ్చుకున్న కల్లు సీసా మూతను పరీక్షించసాగాడు. అలెఫాయో "ఎండ తగలకుండా కప్పాం," అన్నాడు.

పెలెనికే మలోసి వైపు తిరిగింది.

"నాయనా, మా గుంట సంగతి మమ్మల్నడిగితే వంద కాగితాలు నింపినా ఇదే వస్తుంది. మమ్మల్ని పక్కవాళ్లది అడుగు."

మలోసి దీవి పెద్ద వైపు చూశాడు. దీవి పెద్ద కాసేపు తన కాళ్ల వేళ్లను చూసుకున్నాడు. ఆయన గుంట కూడా ఆ ముప్పై ఆరింటిలోనే ఉంది.

"అడుగు," అన్నాడు చివరికి. "ముందు నాతో మొదలుపెట్టొద్దు."

మలోసి కొత్త కాగితం తీశాడు. ఇద్దరు వేరువేరుగా ఒకే మాట చెబితేనే రాస్తానన్నాడు. దక్షిణవాడ గుంటల గురించి ఉత్తరవాడ చెప్పింది, ఉత్తరవాడవి దక్షిణవాడ చెప్పింది. నెల కిందట గట్ల మీద పెదవి విప్పనివాళ్లు ఇప్పుడు ఒకరి మాటకు ఒకరు అడ్డుపడ్డారు.

"పాస్టరు గారి పక్క గుంటలో నాలుగు."

"ఐదు. ఒకటి అరటిచెట్టు చాటున ఉంది."

"అదెట్లా కనపడింది నీకు? పాకుకుంటూ పోయావా?"

"నీకు కళ్లు లేకపోతే నేనేం చేయను వదినా."

"మా గుంటను అంత శ్రద్ధగా చూసినవాడివి, నీ గుంటను చూసుకుంటే బాగుపడేవాడివి."

రెండు గంటలు పట్టింది. బతికున్నవి ఇరవై నాలుగు. మాట కుదరనివి, అంటే బతికాయో చచ్చాయో తేలనివి, ఆరు. నిజంగా చచ్చినవి పదకొండు, అన్నీ బయటి సముద్రం వైపు ఒకే వరుసలో ఉన్నవి. ఆ వరుసలోనే తొట్లు కట్టాలనీ, మిగతా ముప్పై గుంటల జోలికి పోకూడదనీ సభ ఒప్పుకుంది. పదకొండు కుటుంబాలకు మిగతావాటిలో తలా కొంత చోటు ఇవ్వాలని అలెఫాయోయే ప్రతిపాదించాడు.

అప్పుడు దీవి పెద్ద మరో మాట అన్నాడు. కుదరని ఆరు గుంటల్నీ బతికించాలంటే, బతికించినవాళ్లు ఎలా బతికించారో చెప్పాలి.

నవ్వులు ఆగిపోయాయి. పక్కవాడి మొక్కలు లెక్కపెట్టడం వేరు, సొంత ఇంటి సంగతి చెప్పడం వేరు. ముందుగా నిలబడింది కనుక అందరి చూపూ పెలెనికే మీదికే తిరిగింది. ఆమెకు తండ్రి గొంతు వినిపించింది. ఆయన చెప్పొద్దన్న రోజున ఈ దీవి మీద ఉప్పునీరు తొమ్మిది రోజులు నిలవలేదు. ఆ రోజును ఆయన చూసి ఉంటే ఏమనేవాడో ఆమెకు తెలియదు. తెలియనిదాన్ని తానే తేల్చుకోవాలి.

"బుట్టకు అడుగు ఉండకూడదు," అని మొదలుపెట్టింది. సిలింగా తల ఎత్తి, ముప్పై ఏళ్లలో మొదటిసారి, ఆసక్తిగా విన్నాడు.

శుక్రవారం ఓడలో రెండు కాగితాలు వెళ్లాయి. పాత లెక్కనూ పంపాలని మలోసి పట్టుబట్టాడు.

మరుసటి వారం మంగళవారం ఉదయం, కుదరని ఆరింటిలో మొదటి గుంట దగ్గరకు పదిహేడు మంది వచ్చారు. అది దక్షిణవాడది. గుంట సొంతదారు దిగమని పిలిచేదాకా అందరూ గట్టు మీదే నిలబడ్డారు. పిలిచాక అలెఫాయో దిగాడు, ఆయన వెనుక పెలెనికే దిగింది. సీమపనస ఆకులు ముందా వెనకా అన్నదాని మీద వాళ్లిద్దరూ బుట్టలు అల్లినంతసేపూ వాదించుకున్నారు. చివరికి సగం గుంట ఆమె పద్ధతిలో, సగం ఆయన తాత పద్ధతిలో నాటాలని తేలింది.

నాటే ముందు పెలెనికే వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"పోయిన నెలకన్నా నయం," అంది. "నాటొచ్చు."

"పోయిన నెలా?" అలెఫాయో చెయ్యి ఆగింది. "పోయిన నెల నువ్విక్కడ ఎప్పుడు రుచి చూశావమ్మా?"

పెలెనికే మొదటి పిలక ఆయన చేతికి అందించింది.