మిష్రిఫ్‌లో కొమ్ములు లేని డైనోసార్

ఎనభైల్లో కువైట్‌లో మాకు శుక్రవారం అంటే బట్టలుతుక్కోవడం, కంటినిండా నిద్రపోవడం. పాత ఎముకలు చూడ్డానికి బయల్దేరే సరదా నాకెక్కడిది? నేను వెళ్ళింది నా భార్య సుగుణ కోసం. తను మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పిల్లల్ని చూసుకునే పని చేసేది, నేను సబ్‌హాన్ గోదాములో. ఒకే దేశంలో ఉండీ నెలల తరబడి ముఖాలు చూసుకోలేదు. తన ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, గడువు ముగియబోతోంది. పొడిగించుకుంటుందో, రాజోలులో మా అక్క దగ్గర వదిలొచ్చిన పాప దగ్గరికి వెళ్ళిపోతుందో తేల్చుకోవాలి. యజమానురాలు పిల్లల్ని డైనోసార్ల ప్రదర్శనకు తీసుకెళ్తోందని, తనూ వస్తోందని, నన్నక్కడికి రమ్మని సుగుణ ఫోన్ చేసింది.

మధ్యాహ్నం మూడున్నరకు నేనుండే ఖైతాన్‌లో షేర్ కారెక్కాను. మిష్రిఫ్‌కు పావు దినారు. ఎప్పుడో చచ్చిన జంతువులకు టికెట్టేమిటని పెషావర్ డ్రైవరు హిందీలో వేళాకోళమాడాడు. ఆత్రం కొద్దీ ముందే చేరిపోయాను కాబట్టి, కొమ్ముల డైనోసార్లున్న హాల్లో తచ్చాడుతూ ఈజిప్టు గైడు చెప్పేది విన్నాను. వీటిని సెరటోప్సియన్లంటారట, ఆకులలములు తినేవే. పెద్దవాటిలో రెండు శాఖలు. తల వెనక చేటలా విచ్చుకున్న ఎముక పొడవుగా ఉండి, కళ్ళ మీద పొడవాటి కొమ్ములుంటే సాధారణంగా ఒక శాఖ. ఆ చేట పొట్టిగా ఉండి, ముక్కు మీద పెద్ద కొమ్ముంటే రెండోది. మూలన మాత్రం కుక్కంత జంతువొకటి, పేరు సిట్టకోసారస్. కొమ్ముల్లేవు, చేటా లేదు. అయినా వీటి బంధువేనట. పై మూతి చివర చిలుక ముక్కులా ఉన్న ఆ చిన్న ఎముక ఈ గుంపుకు తప్ప ఇంకే డైనోసార్‌కీ ఉండదట.

అంతలో వాళ్ళొచ్చారు. సుగుణ అక్కడి వాడుకలో 'మామా', అంటే అమ్మా, అని పిలిచే ఆ యజమానురాలు మంచిది. మమ్మల్ని కాసేపు మాట్లాడుకోమని పెద్దపిల్లలతో ముందుకు నడిచింది. చిన్నపిల్ల మాత్రం సుగుణ చెయ్యి వదల్లేదు. అసలు సంగతి ఎత్తలేక, సుగుణకు గైడు చెప్పిన ఎముక సంగతే చెప్పాను. మా మధ్య నిలబడ్డ ఆ కువైటీ పిల్ల అచ్చం మా రాజోలు యాసలో అడిగింది.

"సుగుణా, దీనికి కొమ్ముల్లేవేంటే? ఇది ఆళ్ళ పిల్ల కాదా?"

"ఆళ్ళ పిల్లేనమ్మా. మూతి చూడు."

నవ్వొచ్చింది. మా పాప మాట నేనింకా వినలేదు. సుగుణ ఆ చిన్న జంతువు వైపే చూస్తూ మెల్లగా అంది.

"మన పాపకి మాటలొచ్చేశాయంటండి. ఒక్కటీ నేన్నేర్పలేదు. నేనెల్లిపోతానండి."

ఇంకో రెండేళ్ళు ఉండమని అడగడానికే వచ్చాను.

"ఎల్లు," అన్నాను.

ఆ నెలలోనే విమానమెక్కింది. కలవలేకపోయినా పక్క పేటలోనే ఉందన్న ధైర్యం ఎంత పెద్దదో అది పోయాకే తెలిసింది. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు, సెలవు రోజున మిష్రిఫ్ వైపు వెళ్ళే కారు కనిపిస్తే కాళ్ళు అటే లాగేవి.

ఇలాంటి ప్రదర్శనలకు వెళ్ళేవారికి ఒక మాట. ఎముకలు తీరిగ్గా చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి. మనిషిని చూడాలని వెళ్తుంటే సాయంత్రమే మేలు. ఆ రద్దీలో కళ్ళు తుడుచుకున్నా ఎవరూ పట్టించుకోరు.