గోడ మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట

అద్దెలకిచ్చే ఇల్లు కొనాలనుకున్నవాళ్లు ముందు ఈ ప్లంబరు మేస్త్రి దగ్గరికే వచ్చేవారు. ముప్పై ఏళ్లలో నలభై భవనాల దాకా చూసిపెట్టాడు. పైన ట్యాంకు, కింద మురుగు లైను చూసి, చివరికి గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడేవాడు. "తీసుకోండి" అంటే తీసుకునేవారు. తల అడ్డంగా ఊపితే వెనక్కి చూడకుండా పోయేవారు. ఇల్లు లాభమా, నష్టమా అని అడిగినవాళ్లలో ఒక్కరూ ఆ ఇంట్లో కాపురం ఉండబోయేవాళ్లు కారు. ఉండేవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మందుల షాపు యజమాని ఒక పొద్దున తీసుకెళ్లిన మూడంతస్తుల భవనం మెట్లు మేస్త్రికి కొత్త కాదు. మొదటి అంతస్తు వెనక గదిలో ఆయన అక్క పద్దెనిమిదేళ్లుగా ఉంటోంది. మోకాళ్లు అరిగిన మనిషి. కింద టైలరు షాపు నుంచి చొక్కాలు పైకి వస్తే, కాజాలు కుట్టి, గుండీలు పెట్టి, కిటికీలోంచి తాడుతో బుట్ట కిందికి దించుతుంది. ఆ గది పోతే ఆ పనీ పోతుంది. ఇదేమీ మందుల షాపాయనకు తెలియదు.

"ఎనిమిది వాటాలు మేస్త్రీ. వస్తున్న అద్దెలు నాకు ఏ మూలకీ రావు. రెట్టింపు చేద్దామనుకుంటున్నా. కట్టలేనోళ్లు వాళ్లే పోతారు. గిట్టుబాటవుతుందా, చెప్పు."

మేస్త్రి గోడ మీద చెయ్యి పెట్టాడు. పొడిగా ఉంది. అందులో పైపులు ఆయన వేసినవే. ఇంకో ముప్పై ఏళ్లు ఢోకా లేదు.

"గుల్లయిపోయిందండీ," అన్నాడు. పని విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. "మురుగు లైను పుచ్చిపోయింది. నీళ్లు పునాదిలోకి దిగుతున్నాయి. వచ్చిన అద్దెంతా రిపేర్లకే పోస్తారు."

"నిజమేనా?"

"నా మాట ఎప్పుడన్నా తప్పిందా?"

"లేదు, అందుకేగా నిన్ను పిలిచింది. అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టు."

పెట్టాడు. బేరం చెడిందనుకుని, అక్క గదిలో టీ తాగి మరీ వెళ్లాడు.

షాపాయన ఆ కాగితం చూపించి ధర సగానికి దించాడు. మేస్త్రి సంతకం చూశాక పాత ఓనరు నోరెత్తలేదు. నెల తిరక్కుండా ఎనిమిది తలుపులకూ నోటీసులు పడ్డాయి: భవనం ప్రమాదకరం, ఖాళీ చేయాలి. కూల్చేసి కొత్తది కడతారట. ఇంత చవగ్గా వస్తే కూల్చుకోవడమే లాభమన్న లెక్క మేస్త్రికి తట్టలేదు. ఆయనకు తెలిసింది పైపులే.

పరుగెత్తుకెళ్లి షాపు ముందు నిలబడ్డాడు. "అబద్ధం చెప్పానండీ. మా అక్క అక్కడే ఉంటుంది. గోడలు రాయిలా ఉన్నాయి."

"ఇప్పుడు చెప్పేదే అబద్ధం," అని నవ్వాడు షాపాయన. "అక్క కోసం ఎవడైనా చెప్తాడు. నలభై ఇళ్లు చూసినోడివి, ఇక్కడొక్కచోటే తప్పుతావా?"

కూల్చడం ఆపమని వెళితే, మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా కూడా అదే కాగితం ముందుకు తోశాడు. "సంతకం నీదా, కాదా?" అద్దెకున్న ఎనిమిది ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టిన అర్జీ ఆ బల్ల మీదే ఉంది. ఆ గోడల మధ్య ఏళ్ల తరబడి బతికినవాళ్ల సాక్ష్యం అది. దాన్నెవరూ తెరిచి చూడలేదు.

"నువ్వేనటగా కూలిపోతుందన్నది," అంది అక్క, సూది మీంచి కళ్లు ఎత్తకుండా.

"నీ కోసమేనే అక్కా. అద్దె రెట్టింపు చేస్తానన్నాడు."

"నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదిరా? పెంచితే పెంచనిచ్చేవాళ్లం. ఇంకో నాలుగు చొక్కాలు కుట్టుకునేదాన్ని."

మర్నాటి నుంచి మేస్త్రి అక్క కోసం గది వెతుకుతూ తిరిగాడు.

ఊరి చివర, మూడో అంతస్తులో ఒక గది దొరికింది. కింద షాపులేవీ లేవు. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, అక్క గుమ్మంలోనే ఆగింది. మేస్త్రి లోపలికి వెళ్లి గోడకు చెయ్యి ఆనించాడు. అరచేతికి సున్నం ముద్దలా అంటుకొచ్చింది.

"తడి దిగుతోందే. ఇది వద్దక్కా."

"వాసనకే తెలుస్తోందిలేరా. పొడిగా ఉన్నది మనకెవరిస్తారు?" ఆమె కుట్టుపెట్టె కింద పెట్టింది. "మంచం ఏ గోడకి వేయమంటావో అది చెప్పు."

మేస్త్రి నాలుగు గోడలూ తడిమి చూశాడు. తలుపు పక్కది కాస్త నయం.

"ఇటు," అన్నాడు.