మేడం వేసిన గుమ్మడికాయ

మా సైన్సు మేడం పోయారని మొన్న పొద్దున చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. మలక్‌పేటలో కూతురింట్లో, నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేసి అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మాదన్నపేట గల్లీలో మా బడి చిన్నది. మేడం చేతిసంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఓరోజు రాయి, ఓరోజు కోడి ఈక. ముందు అడిగేవారు, తర్వాతే చూపించేవారు. మేం తప్పు చెబితే ఆవిడకు మహా సంతోషం. "మంచిగ చెప్పినవ్ బిడ్డా, ఇగ చూద్దాం పా" అనేవారు. చూడకుండా తలూపే వాళ్లను మాత్రం కడిగేసేవారు. రాయితో పాటు వదిలిన ఈక ఎందుకు ఆలస్యంగా పడిందని అడిగితే, "గాలి అడ్డం పడ్తది. గాలి లేనికాడ అది గూడ రాయి లెక్కనే పడ్తది" అన్నారు. నేను నమ్మలేదు. నమ్మనందుకు మెచ్చుకున్నారు కూడా.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు, "గుమ్మడికాయ, నిమ్మకాయ డాబా మీదికెళ్లి ఒక్కపారే ఇడిస్తే ఏది ముందుగాల పడ్తది?" అని అడిగారు. క్లాసంతా గుమ్మడికాయకే చేతులెత్తాం. మార్కెట్లో కొన్న బూడిద గుమ్మడికాయను పైకి మోసుకెళ్లాం. గల్లీలోకి ఎవరూ రాకుండా అటొక పిల్లను, ఇటొక పిల్లను కాపలా పెట్టారు. మేడం వదిలారు. రెండూ ఒక్కసారే నేల తాకాయి. మేం నోళ్లు తెరిచాం.

గల్లీ కూడా నోరు తెరిచింది. ఆ రోజు అమావాస్య మరి. మేడం ఆదివారాలు చర్చికి వెళ్లే మనిషి, తిథులు ఆవిడకు పట్టవు. పగిలిన గుమ్మడికాయ, పక్కనే నిమ్మకాయ పడ్డది సరిగ్గా మా తాత పప్పుల దుకాణం ముందు. చూసినవాళ్లకు ఎవరి దిష్టో తీసి ఆయన గడపలో కొట్టినట్టే ఉంది.

"గీ దుకాణమే దొరికిందా నీకు?" అని తాత ఒకటే లొల్లి. మేడం తప్పైందని చెప్పి, చీపురు అడిగి తీసుకుని తానే ఊడ్చారు. తాత చల్లబడలేదు. నా వైపు తిరిగి, "రేపట్నించి బడి బంద్. నేర్సుకున్న మంత్రాలు సాలు, ఇంట్ల కూసో" అన్నాడు. ఆయన మాటకు మా ఇంట్లో తిరుగులేదు. నాన్న తల దించుకున్నాడు. నా చదువు అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు మేడం దుకాణానికి వచ్చారు. నన్ను పంపమని బతిమాలుతారనుకుంటే ఆ ఊసే ఎత్తలేదు.

"మంత్రం కాదు సేటూ. బరువు ఎత్తేటోనికి తెలుస్తది, పడేదానికి తెల్వది" అన్నారు.

తాతకు రోషం వచ్చింది. "పుట్టినకాన్నుంచి తూకాలేస్తున్న. బరువు సంగతి నాకే చెప్తవా?"

"అయితే మీ తూకం రాళ్లతోనే మీరే చూడుండ్రి."

తాత ఐదు కిలోల ఇనప రాయి, పావుకిలో రాయి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బడి డాబా ఎక్కాడు. రాళ్లు చెడకుండా కింద గోనెసంచులు పరిపించాడు. వదిలాడు. ఒకటే చప్పుడు. "మల్ల" అన్నాడు. చేతులు మార్చి వేశాడు. ఎన్నిసార్లు వేసినా ఒకటే చప్పుడు. రాళ్లు పైకి మోసి మోసి నా భుజాలు పడిపోయాయి.

తాత పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి చూశాడు. "బరువుదాన్ని భూమి గట్టిగ గుంజాలె గదా. మరి ఎందుకట్ల?" అని మేడంను అడిగాడు. ఆవిడ నన్ను చూపించారు. తాత నా వైపు తిరిగాడు.

"గట్టిగనే గుంజుతది తాతా" అన్నాను. ముందురోజు డాబా మీద మేడం చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకున్నాను. "గానీ బరువుదాన్ని కదిలించుడు గూడ గంత కష్టమే. గుంజుడు ఎంత ఎక్కువనో, అది మొరాయించుడు గూడ గంతే ఎక్కువ. గందుకే రెండు గలిసి పడ్తయి."

మా ఇంట్లో తాతకు ఇది ఇలా అని చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన పిట్టగోడ పక్కన నిమ్మళంగా కూర్చున్నాడు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. రేపు నువ్వు బడికి పోయేలోపల నాకు సమజ్ గావాలె."

నేను మళ్లీ మొదలుపెట్టాను. మేడం చెప్పులు చేతపట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోతున్నారు.